సాక్షి పురుగు

మా కోడలు కృప రాజస్థాన్ నుంచి ఇంటికొచ్చిన రోజు నేను చేసిన మొదటి పని ఇసుక ఊడవడం. బూట్లలో ఇసుక, బట్టల మడతల్లో ఇసుక, ఆఖరికి పళ్ళు తోముకునే బ్రష్షులోనూ ఇసుకే. జులై నెల, మా దగ్గర వానలు పట్టుకుని చేలన్నీ బురదబురదగా ఉంటే ఈ పిల్ల ఎడారిని మోసుకొచ్చింది. పెళ్ళయి ఏడాది తిరిగిందో లేదో, మొగుణ్ణి ఇక్కడ వదిలి అంత దూరం పోయి వచ్చిందని చుట్టుపక్కల ఆడవాళ్ళంతా చూడటానికి వచ్చారు. అద్దాల కుట్టు దుప్పట్లో, ఒంటె తోలు చెప్పులో తెచ్చి ఉంటుందని వాళ్ళ ఆశ. కృప సంచి విప్పి దూది పరిచిన డబ్బాలు వరసగా తీసింది. అన్నింట్లోనూ పురుగులే.

అందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. అంతమ్మ ఒక్కతే వంగి చూసింది. అంతమ్మ అంటే ఊళ్ళో అందరి చేలల్లోనూ కూలికి పోయే ముసలామె, మా చర్చి స్త్రీల సమాజంలో నాకు కుడి భుజం. ఆ సమాజానికి అధ్యక్షురాలిని నేనే, సరోజమ్మను. కనకమామిడిలో నేను తెలియనివాళ్ళు లేరు, నా నోరు తెలియనివాళ్ళు అసలే లేరు.

"ఇవేం పురుగులు బిడ్డా?" అంది అంతమ్మ.

"ఎల్లెలకల పడితే టిక్కుమని ఎగిరి మళ్ల కాళ్ల మీద పడ్తయి చూడు, గవి అవ్వా. మన దిక్కు గూడ ఉంటయి. గని ఇవి ఇసుకలనే బతుకుతయి. గడ్డి దుబ్బుల మొదట్ల తవ్వి తవ్వి పట్టిన."

మా ఆయన మల్లప్ప మాటలు తక్కువ మనిషి. పలక్క పలక్క అప్పుడే ఒక మాట పలికాడు. మన క్యారెట్ గడ్డల్ని తొలిచేది ఈ జాతి పిల్లలే కదా, మేము మందు కొట్టి చంపేదాన్ని నువ్వు దూదిలో పెట్టి తెచ్చావా అని. ఆడవాళ్ళు పకపకా నవ్వారు. కృప కూడా నవ్వి, అవును మామయ్యా, వాటికి చుట్టాలే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా కోడల్ని చూసి నలుగురు నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది, ఆ నవ్వు మా ఆయన పుట్టించినా సరే.

అందరూ పోయాక నిలదీసి అడిగాను, ఇంత చదువు చదివి వీటికోసమేనా పోయింది అని. అప్పుడు చెప్పింది. ఆ డబ్బాల్లో ఒక రకం ఉంది, ఇసుక రంగులో, వడ్ల గింజకంటే కాస్త పొడుగ్గా. అలాంటిదాన్ని ఇంతవరకు ఎవరూ ఎక్కడా రాసినట్టు లేదని ఆమె అనుమానం. నిజంగా కొత్త జాతే అయితే దాని ఒంటి తీరంతా వివరించి, పేరు పెట్టి, శాస్త్ర పత్రికలో అచ్చు వేయించాలి. అప్పట్నుంచి లోకంలో ఎవరు ఆ పురుగు పేరు రాసినా, పక్కన దాన్ని మొదట వివరించిన మనిషి పేరు కూడా రాస్తారట.

"ఎన్నేండ్లు రాస్తరు?" అని అడిగాను.

"మనుషులు సదువుకునేదాక అత్తమ్మా."

ఆ మాటతో నేను ఆ పురుగు పక్షమైపోయాను.

కానీ కృపకు చదువు చెప్పిన ప్రొఫెసరు ఫోటోలు చూసి పెదవి విరిచాడు. వందేళ్ళకు ముందే ఒక దొర వివరించిన పురుగే ఇది, రంగు కాస్త వెలిసింది అంతే, దీనిమీద కాలం పాడు చేసుకోకుండా ఇంకేదైనా పని చూసుకో అన్నాడు. చెడ్డ మనిషేం కాదు, తొందరపడి మాట తూలని మనిషి, అందుకే ఆయన మాటకు అంత బరువు. ఫోను పెట్టేశాక కృప వంటింట్లో గోడకానుకుని చాలాసేపు కూచుంది. ఇన్నేళ్ళ చదువు, ఎండల్లో తిరుగుడు, ఊరి నవ్వులు, అన్నీ ఆ గింజంత పురుగు మీద వచ్చి ఆగాయని నాకప్పుడు అర్థమైంది. అది పాతదని తేలితే ఈ పిల్ల మైక్రోస్కోపును అటకెక్కించి, మళ్ళీ దాని వంక చూడదు.

మా ముందు గదిలో తూర్పు కిటికీ కింద భోజనాల బల్ల ఉండేది. అది పురుగులకు పోయింది, మేము కింద కూచుని తిన్నాం. కొండకల్ దగ్గర రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే మా కొడుకు ఆనంద్ బాబు తన పెళ్ళాం కోసం తెల్లటి వెలుగిచ్చే దీపం ఒకటి తెచ్చి బల్లకు బిగించాడు. ఫ్యాను వేయడానికి లేదు, వేస్తే పురుగు మీసాలు విరిగిపోతాయి. ఆగస్టు ఉక్కలో నలుగురం చెమటలు కక్కుకుంటూ ఒక పురుగు మీసాల్ని కాపాడాం.

ఆ దొర రాసింది నాలుగే ముక్కలు, అదీ లాటిన్‌లో. ఆయన పట్టిన పురుగు ఇప్పటికీ ఏదో విదేశీ మ్యూజియంలో భద్రంగా ఉందట. కృప వాళ్ళకు మెయిల్ పెట్టి అన్ని వైపుల నుంచీ ఫోటోలు తెప్పించుకుంది. ఒక పక్క ఆ ఫోటో, ఒక పక్క మైక్రోస్కోపు, మధ్యలో ఆమె బొమ్మలు గీసుకునే కాగితం. ఒక్క మీసం గీయడానికి ఒక పూట పట్టేది. నేనూ ఒకసారి చూస్తానన్నాను. మొదట కన్ను ఆనించినప్పుడు నాకు నా రెప్ప వెంట్రుకలే కనబడ్డాయి. తర్వాత కనబడింది. ఒళ్ళంతా బంగారు నూగు, ఎవరో కూచుని దువ్వినట్టు ఒకే దిక్కుకు. ఛాతీ కింద ఒక మేకు, దానికి సరిగ్గా సరిపోయే గుంట. మేకు గుంటలోకి జారినప్పుడే ఆ టిక్కు అని కృప చూపించింది. ఇంత చిన్న ఒంట్లో అంత పనితనం చూసి నా నోట స్తోత్రం అన్న మాట దానంతటదే వచ్చింది.

వీపు మీది చుక్కల్లో తేడా ఉంది, నూగులో తేడా ఉంది, మీసం కణుపుల్లోనూ ఉంది. అయినా చాలదట. మనుషుల్లో మాత్రం రంగూ జుట్టూ అందరికీ ఒకటేనా అన్నాడు ప్రొఫెసరు. జాతిని ఖాయంగా తేల్చేది మగ పురుగు మర్మాంగమేనట. కృప ఈ మాట అన్నం వడ్డిస్తూ చెప్పింది. మా ఆయన చెంబు తీసుకుని బయటికి పోయాడు. నేను తల దించుకుని పప్పు కలుపుకున్నాను. ఆ ఆదివారం స్త్రీల సమాజంలో ఎవరో మీ కోడలి పని ఎంతదాకా వచ్చిందని అడిగితే, అంతా దేవుని చిత్తం అని ఊరుకున్నాను.

చిక్కేమిటంటే, తవ్వి పట్టినవాటిలో మగది ఒక్కటే. దాని కడుపు తెరిచి ఆ ముక్కను బయటికి తీయాలి. చెయ్యి కాస్త వణికిందా, ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. సెప్టెంబరు గడిచిపోతున్నా కృప ఆడ పురుగుల్నే మళ్ళీ మళ్ళీ కొలుస్తూ కూచుంది. చూసి చూసి ఒక ఉదయం బల్ల ముందు నిలబడ్డాను.

"ఎన్నొద్దులు గిట్ల? భయపడి డబ్బల దాస్తే అది పాతదీ గాదు, కొత్తదీ గాదు. కొయ్యి బిడ్డా."

"చెయ్యి తప్పితే ఇంగ లేదు అత్తమ్మా. మళ్ల వానలొచ్చేదాక దొరకది."

"తప్పితే మళ్ల పోదువు. ఈసారి నేనొస్త, గడ్డపార పట్టుకొని."

కృపకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే పని మొదలుపెట్టింది. మగ పురుగును గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టింది. మా ఆయన ఎవరూ లోపలికి రాకుండా గేటు దగ్గర నిలబడ్డాడు, అంతకు ముందే నేల అదురుతుందని బోరు మోటారు బంద్ చేసి వచ్చాడు. పురుగు మెత్తబడ్డాక కృప సన్నటి సూది తీసుకుని వంగింది. పొయ్యి మీద పాలు పొంగి పోతున్న వాసన వస్తున్నా నేను కదల్లేదు. చాలాసేపటికి ఆమె సూది పక్కన పెట్టి మైక్రోస్కోపులో చూసింది, ఫోటో చూసింది, మళ్ళీ మైక్రోస్కోపులో చూసింది.

"అత్తమ్మా," అంది మెల్లగా. "ఇది వేరే ఉన్నది."

నన్ను కూచోబెట్టి చూపించింది. దొర పురుగుది కొస సూటిగా ఉంటే దీనిది కొక్కెంలా వంగి ఉంది. ఈసారి నేను తల తిప్పుకోలేదు, కన్నార్పకుండా చూశాను. అప్పటికప్పుడు ఫోటో తీసి పంపితే మధ్యాహ్నానికే ప్రొఫెసరు ఫోన్ చేశాడు. నేను పొరబడ్డాను కృపా, కూచుని రాయి, అన్నాడు. నేను గేటు దాకా పోయి మా ఆయనతో చెప్పాను. ఆయన పోయి మోటారు వేశాడు, కానీ ఆ నడకే వేరుగా ఉంది.

పేరు దగ్గర మాత్రం ఇంట్లో చిన్న పేచీ వచ్చింది. మా ఆయనకు చనిపోయిన వాళ్ళమ్మ పేరు పెట్టించాలని ఉంది. నోటితో అనలేదు, గోడ మీది ఆమె ఫోటోను పదేపదే తుడిచి చెప్పాడు. కృపకు అర్థమైంది కానీ ఒప్పుకోలేదు. ఆ ఇసుక దిబ్బల పక్కన ఒక పల్లె ఉందట, తవ్వడానికి చోటు చూపించిందీ, తాగడానికి నీళ్ళిచ్చిందీ వాళ్ళేనట. ఆ ఊరి పేరే పెట్టింది. దాని ఊరు దానికి ఉండాలి మామయ్యా అంది. ఆయన తుడిచే గుడ్డ పక్కన పెట్టి, అది న్యాయమే అన్నాడు.

అక్టోబరు చివర్లో పత్రికవాళ్ళ జవాబొచ్చింది. అచ్చు వేస్తాం, అయితే ముందుగా ఆ మగ పురుగును మ్యూజియానికి అప్పగించి, వాళ్ళిచ్చే నంబరు మాకు పంపాలి అని. నాకు కడుపు మండింది. ఎండలో తవ్వి పట్టింది ఈమె, కోసింది ఈమె, తీసుకుపోయి ఎవరి చేతుల్లోనో పెట్టడమేమిటని గొడవ చేశాను. కృప మా ఇద్దర్నీ కూచోబెట్టి చెప్పింది.

"అది సాక్షి అత్తమ్మా. రేపు ఎవలన్న నేను రాసింది తప్పంటే, పోయి దాన్నే చూస్తరు. నా ఇంట్ల పెట్టుకుంటే సాక్ష్యం చెల్లది. మొదటిది మనది గాదు."

మా ఆయన తలెత్తాడు. మొదటిది మనది కాదు అని తనలో తాను ఒకసారి అనుకున్నాడు. ఆ మాట ఆయనకెంత నచ్చిందో, దాన్ని పట్టుకుని ఎంత దూరం పోతాడో మాకప్పుడు తట్టలేదు.

అది అర్థం కావాలంటే మా చర్చి సంగతి కాస్త చెప్పాలి. ఏటా నవంబరులో మాకు కోత పండుగ. ఎవరింట ఏది పండినా, ఏది పుట్టినా, మొదటిది తెచ్చి దేవుని బల్ల మీద పెడతారు. ప్రార్థన అయ్యాక సంఘ పెద్ద అబ్రహాము ఒక్కొక్కటే ఎత్తి చూపించి వేలం పాట పెడతాడు. పాడుకున్నవాళ్ళు దాన్ని ఇంటికి తీసుకుపోతారు. ఒక్కటే కట్టడి, ఇచ్చిన ఇంటివాళ్ళు తమ వస్తువు పాటలో నోరెత్తకూడదు. వెనకటికెవరో తన గుమ్మడికాయను తానే పాడుకుని గొప్పలు పోయాడని పెద్దలు పెట్టిన కట్టడి అది. ఇక మా ఆయన మొదటి ఫలం విషయంలో ఎంత మొండివాడంటే, చిన్నప్పుడు మావాడు తెలియక పెరట్లో తొలి జామకాయ కొరికితే, ఆ సగం కొరికిన కాయనే తీసుకుపోయి బల్ల మీద పెట్టిన మనిషి.

ఆ యేడు పండుగ ఆదివారం నాడు వచ్చింది, పట్నంలో మ్యూజియంవాళ్ళు మంగళవారం రమ్మన్నారు. కృప మగ పురుగును సూదికి గుచ్చి, కింద ఇదే సాక్షి అని తెలిపే ఎర్ర చీటీ పెట్టి, గాజు మూత ఉన్న చిన్న డబ్బాలో భద్రం చేసి బల్ల మీద ఉంచింది. ఆదివారం పొద్దున్నే మావాడు డ్యూటీకి పోయాడు, నేనూ కృపా చర్చిలో అలంకరణకని ముందు పోయాం. మా ఆయన తొలి క్యారెట్లు కడిగి, ఆకులతో సహా గంపలో పేర్చుకుని వెనక వచ్చాడు. గంప సంగతి నాకు తెలుసు. అందులో ఆకుల మీద ఉన్న డబ్బా సంగతి తెలియదు.

ఆరాధన బాగా జరిగింది. అబ్రహాము పాట అందుకున్నాడు. కోడిపుంజు పోయింది, గుమ్మడికాయలు పోయాయి, నువ్వుల మూట మీద ఇద్దరు బావలు పోటీ పడితే అందరం నవ్వాం. మా క్యారెట్లు పోయాయి. అప్పుడు అబ్రహాము ఆ డబ్బా ఎత్తి, ఇది కూడా మల్లప్పన్న ఇంటి నుంచే వచ్చింది, ఏమిటో చూద్దాం అంటూ వంచాడు.

మూత కింద ఎర్ర చీటీ కనబడింది. మగవాళ్ళ వైపు చూశాను. మా ఆయన కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని, చేయాల్సింది చేసిన మనిషిలా నిమ్మళంగా కూచున్నాడు. మొదటిది మనది కాదని కోడలే అన్నది కదా, మ్యూజియానికంటే ముందు దేవుని దగ్గరికి పోవాలని ఆయన లెక్క. పాస్టరు అయ్యగారితో చెప్పి ప్రార్థన చేయించి, పాటకు ముందే పక్కన పెట్టిద్దామనుకున్నాడట. ఆ రోజు అయ్యగారు ఇంకో ఊళ్ళో ఆరాధన ముగించుకుని ఆలస్యంగా వచ్చారు, చెప్పడం కుదరలేదు. పురుగును ఎవరు పాటకు పెడతార్లే అనుకుని ఊరుకున్నాడు.

నేను లేవబోయాను. కృప నా మణికట్టు పట్టుకుంది.

"కూసో అత్తమ్మా."

"పిచ్చిలేసిందా నీకు? అంత ఆగమైపోతది."

"మామయ్య దేవునికిచ్చిండు. నలుగుర్ల ఎనుకకడిగితే ఆయన తల ఎట్ల ఎత్తుకుంటడు?"

ఆమె చెయ్యి చల్లగా ఉంది. అయినా నా చెయ్యి వదల్లేదు. ఆ పురుగు పోతే ఏం పోతుందో ఆ చర్చిలో నాకూ ఆమెకూ తప్ప ఎవరికీ తెలియదు. సాక్షి లేకపోతే నంబరు లేదు, నంబరు లేకపోతే అచ్చు లేదు, పేరు లేదు. అన్నీ తెలిసి కూడా కృప మా ఆయన పరువునే ముందు పెట్టింది. అంత భయంలోనూ నాకు ఆ పిల్లను చూస్తే గర్వమనిపించింది.

అబ్రహాము డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఆడించబోతుంటే కృప లేచి ముందుకు నడిచింది. డబ్బా తీసుకోలేదు. ఆయన చేతి కింద తన చెయ్యి పెట్టి, జర సమంగా పట్టుకోండి పెద్దయ్యా అంది. ఇదేమిటమ్మా అని అయ్యగారు అడిగారు. కృప జనం వైపు తిరిగింది.

"ఇది ఎడారిల పుట్టిన పురుగు. దేవుడు ఎప్పుడో చేసిండు, మనకే ఇన్నొద్దులు తెల్వలేదు. నేను చూసి రాసిన. దీని జాతోళ్లు ఇంగా ఇసుకల ఉంటరు, గని సాక్ష్యానికి నిలవడేది ఇదొక్కటే. మా మామయ్య మొదటిది ఇంట్ల ఉంచుకోడు. అందుకే తెచ్చిండు."

అంతే చెప్పింది. మ్యూజియం మాట ఎత్తలేదు, తిరిగిమ్మనలేదు. మా ఆయన కళ్ళు తెరిచాడు. డబ్బాల్లో ఇంకా ఉన్నాయి కదా అనుకున్నాడేమో, సాక్ష్యానికి ఇదొక్కటే అన్న మాట విన్నాక ఆయనకు తాను చేసిందేమిటో తెలిసొచ్చింది. ఆ మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

దేవుడు చేసినవాటికి పేరు పెట్టే పని మన ఊరి బిడ్డ దాకా వచ్చిందని అయ్యగారు సంతోషంగా అన్నారు. కట్టడి కట్టడే కాబట్టి అబ్రహాము పాట మొదలుపెట్టాడు. మా చేలకవతల ఫామ్‌హౌస్ ఉన్న పట్నం సారు ఏటా పండుగకు వచ్చి మా క్యారెట్లు పాడుకుంటాడు, మర్యాదస్తుడు. ఆయన చెయ్యెత్తి, మా మనుమరాలు షోకేసులో పెట్టుకుంటుందని ఒక మొత్తం చెప్పాడు. దానికి అబ్రహామే గుటక మింగాడు. దానిమీద పాడగలిగినవాళ్ళు మా సంఘంలో లేరు. మూత తెరిచి పురుగును వేలితో తాకబోయే చిన్నపిల్ల నా కళ్ళ ముందు కనబడింది.

అబ్రహాము ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు.

"ఆగు అబ్రహామూ," అంటూ అంతమ్మ లేచింది. "స్త్రీల సమాజం పాట ఉన్నది. ఈ యేటి పిడికెడు బియ్యం, మొత్తం."

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. పిడికెడు బియ్యం అంటే మాలో ప్రతి ఇంటి ఆడది పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. యేడాదంతా అలా పోగైనవి క్రిస్మసుకు చర్చికి అప్పజెపుతాం, అయ్యగారి ఇంటికీ దిక్కులేనివాళ్ళకూ పోతాయి. అవి ఎట్లాగూ చర్చివే కదా, చర్చి బియ్యంతో చర్చిలో పాటేమిటని అబ్రహాము అడ్డం పడ్డాడు. అప్పజెప్పేదాకా అవి మావే అంది అంతమ్మ. అబ్రహాము వదల్లేదు.

"సరోజమ్మ ఇంటి పిడికిలి గూడ అండ్లనే ఉన్నది గదా. ఇచ్చినోళ్లు పాడొద్దు."

"వాళ్లింటియి తీసేసి లెక్కవెట్టు. మిగిలిన బియ్యంల నీ ఇంటియి గూడ ఉన్నయి."

అబ్రహాము భార్య ఆడవాళ్ళ వరసలోంచి అవునన్నట్టు తల గట్టిగా ఊపింది. అందరూ నవ్వారు. నా పక్కన కూచున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి అంతమ్మ వెనక నిలబడ్డారు, జులైలో మా ఇంటికొచ్చి పురుగుల్ని చూసి నవ్విన మొహాలే అవి. నేను లేవడానికి లేదు, నోరెత్తడానికి లేదు. ఆ బియ్యమేమిటో సారుకు పక్కనవాళ్ళు చెప్పారు. ఆయన లేచి చేతులు జోడించి, అన్ని ఇళ్ళ వంట మీద నేను పోటీకి రాలేనండీ అన్నాడు. అబ్రహాము మూడోసారి అన్నాడు.

చర్చి బయట మా ఆయన కృప ముందుకొచ్చి నిలబడ్డాడు. మొదటిది మనది కాదన్నది నేనే కదా మామయ్యా అని కృపే అంది. ఇంటికొచ్చాక ఆయన అన్నం ముట్టకపోతే, ఆమె వడ్డించి తినేదాకా ఎదురుగా కూచుంది.

పాడుకున్నది స్త్రీల సమాజం కాబట్టి డబ్బా అంతమ్మ ఇంటికి పోయింది. మంగళవారం దాకా ఊరంతా వచ్చి చూసిపోయారు. చిల్కూరు గుడికి పోయేవాళ్ళను దింపి వచ్చే ఆటోవాళ్ళు కూడా ఆగి చూశారట. అంతమ్మ గాజు పైనుంచే చూడనిచ్చింది, వేలు చాచినవాళ్ళను తిట్టి పంపింది. పొడుస్తున్నావేం, అది ఇంకా కోర్టుకు పోవాల్సిన సాక్షి అని ఒకణ్ణి గదమాయించిందని విన్నాను. కృప పొద్దునా సాయంత్రం పోయి చూసొచ్చేది. మా పురుగు, మా పురుగు అని జనం అంటుంటే వినాలని నేనూ వెనకే పోయేదాన్ని.

మంగళవారం కృప, అంతమ్మ, సమాజం ఆడవాళ్ళం ఆటోలో మొయినాబాద్ పోయి అక్కడ పట్నం బస్సెక్కాం. అంతమ్మ డబ్బాను రెండు అరచేతుల మీద పెట్టుకుని, స్పీడ్‌బ్రేకర్ వచ్చినప్పుడల్లా డ్రైవరును హెచ్చరించింది. మ్యూజియంలో ఒక ఆఫీసరమ్మ మమ్మల్ని కూచోబెట్టి, డబ్బా తెరిచి, భూతద్దం పెట్టి చూడటం మొదలుపెట్టింది. చర్చిలో అబ్రహాము చేతిలో అది ఎంత వంగిందో నాకు గుర్తుంది. కృప మాత్రం కూచోలేదు. ఆఫీసరమ్మ ఒక్కో కాలూ, ఒక్కో మీసమూ చూసి తలెత్తి, ఏదీ విరగలేదు, బాగా కాపాడారు అంది. అప్పుడు కృప కూచుంది.

ఆఫీసరమ్మ మూసి బల్ల మీద పెట్టిన డబ్బాను సమాజం తరఫున ఆమె చేతికివ్వమని కృప అంతమ్మకు సైగ చేసింది. అంతమ్మ దాన్ని తీసి కృప చేతుల్లోనే పెట్టింది.

"నువ్వే ఇయ్యి బిడ్డా. ఇప్పుడది నీది గాదు, మా అందరిది. మా పేరు మీద ఇయ్యి."

కృప కళ్ళు తుడుచుకుని డబ్బాను ఆఫీసరమ్మకు అందించింది. ఇస్తున్నదెవరని రాయాలి అని ఆమె అడిగితే, కనకమామిడి చర్చి స్త్రీల సమాజం అని చెప్పింది. ఆఫీసరమ్మ కలం ఆపి చీటీ చూసింది. ఇందులో రాజస్థాన్ ఇసుక దిబ్బలని ఉంది, కనకమామిడి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగింది.

"దొరికింది ఆడ మేడమ్," అంది కృప. "ఇస్తున్నది కనకమామిడి."

ఆమె మా అందరి వంకా ఒకసారి చూసి, అలాగే రాసుకుంది.